పసిబిడ్డతో క్రూజ్: షిప్, క్యాబిన్, రూటు ఎలా ఎంచుకోవాలి

పసిబిడ్డ రాత్రి ఏడు, ఏడున్నరకల్లా నిద్రపోతుంది. క్రూజ్ షిప్‌లో సందడంతా ఏడు దాటాకే మొదలవుతుంది. డిన్నర్, షో, సంగీతం, డెక్ మీద చల్లగాలికి నడక, అన్నీ ఆ తర్వాతే. అందుకే వాటర్ స్లైడ్‌లు ఎన్ని, రెస్టారెంట్లు ఎన్ని అని బ్రోచర్లు ముందేసుకుని పోల్చేలోపు ఇంట్లో ఒక్క విషయం తేల్చుకోండి: బిడ్డ పడుకున్నాక ఆ మూడు గంటలు మీరిద్దరూ ఎక్కడ ఉంటారు? క్యాబిన్‌లోనే చీకట్లో గుసగుసలాడుకుంటూనా, బాల్కనీలో కుర్చీ వేసుకునా, నర్సరీలో వదిలి బయటికి వెళ్లా? దీనికి జవాబు దొరికితే షిప్ ఎంపిక సగం అయిపోయినట్టే.

చూడాల్సిన వరస ఇది. ముందు బిడ్డ వయసు, తర్వాత రాత్రి ఏర్పాటు అంటే నర్సరీ, క్యాబిన్. ఆ తర్వాత పాలు, వేడినీళ్లు, బట్టలు ఉతకడం. ఆ తర్వాతే రూటు. ధర చివర్న. చాలామంది ధరతో మొదలుపెట్టి వెనక్కి వస్తారు. చవగ్గా దొరికిందని బుక్ చేశాక, ఆ షిప్‌లో రెండేళ్లలోపు పిల్లల్ని చూసుకునే ఏర్పాటే లేదని తెలుస్తుంది.

ముందు నెలలు లెక్కపెట్టండి

పెద్ద క్రూజ్ లైన్లలో (అంటే క్రూజ్ కంపెనీలలో) ఎక్కువ శాతం, మామూలు ప్రయాణాలకు బిడ్డకు కనీసం 6 నెలలు నిండాలంటాయి. అట్లాంటిక్ లేదా పసిఫిక్ దాటేవి, హవాయికి వెళ్లేవి, వరసగా మూడు లేదా అంతకన్నా ఎక్కువ రోజులు రేవు చూడకుండా సముద్రంలోనే ఉండేవి అయితే 12 నెలలు నిండాలి. ఈ లెక్క షిప్ ఎక్కే రోజుకి కడతారు, బుక్ చేసిన రోజుకి కాదు. ఆరు నెలలకు రెండు రోజులు తక్కువైనా రేవులోనే ఆపేస్తారు, అప్పుడు బతిమాలినా వినరు, డబ్బు కూడా వెనక్కి రాదు.

ఈ నియమం వెనక ఉన్న కారణం తెలిస్తే ఎంపిక తేలికవుతుంది. షిప్‌లో డాక్టరు, నర్సులు, చిన్న ఆసుపత్రి ఉంటాయి. కానీ సాధారణంగా పిల్లల డాక్టరు ఉండరు, పసిబిడ్డల ఐసీయూ ఉండదు. బిడ్డకు సీరియస్ అయితే దగ్గరి రేవులో దించాలి, లేదా హెలికాప్టర్ రావాలి. నడిసముద్రంలో తీరం చాలా దూరంలో ఉన్నప్పుడు హెలికాప్టర్ కూడా అందదు. కాబట్టి మీ బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, శ్వాస ఇబ్బంది లాంటివి ఉన్నా, 12 నెలలు దాటినా సరే వరస సముద్రపు రోజులున్న రూటు వద్దు. రోజూ ఏదో ఒక రేవు తగిలేదే తీసుకోండి.

కొన్ని కంపెనీల షిప్‌లలోకి పిల్లల్నే రానివ్వరు. వర్జిన్ వాయేజెస్, వైకింగ్ షిప్‌లలో 18 ఏళ్లు నిండనివారిని ఎక్కించుకోరు. నదుల్లో తిరిగే చిన్న షిప్‌లలో ఉయ్యాల మంచం, నర్సరీ దొరకడం అరుదు, ఆ దారి వదిలేయడమే మేలు.

వయసులో ఇంకో మెలిక ఉంది. 6 నుంచి 9 నెలల బిడ్డ కూర్చోబెట్టినచోట కూర్చుంటుంది, స్ట్రోలర్‌లో నిద్రపోతుంది, మీ డిన్నర్ పక్కనే జరిగిపోతుంది. 12 నుంచి 20 నెలల బిడ్డ నడక నేర్చిన ఉత్సాహంలో ఉంటుంది, దానికి నేల కావాలి, మెత్తటి ఆటస్థలం కావాలి. మొదటి రకం బిడ్డకు మంచి క్యాబిన్ ముఖ్యం, రెండో రకానికి మంచి ఆటగది. ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే ఎక్కడ పెట్టాలో దీన్నిబట్టి తేల్చుకోండి.

నర్సరీ: పేరు ఒకటే, లోపల తేడాలు చాలా

"పిల్లల క్లబ్ ఉంది" అన్న మాటకు పసిబిడ్డ విషయంలో విలువ లేదు. చాలా షిప్‌లలో ఆ క్లబ్ మూడేళ్లకే మొదలవుతుంది, డైపర్ మానేసి ఉండాలనే షరతు కూడా ఉంటుంది. మీరు అడగాల్సినవి మూడు. మూడేళ్లలోపు బిడ్డను వదిలి వెళ్లవచ్చా, లేక తల్లో తండ్రో పక్కనే కూర్చోవాలా? రాత్రి ఎన్ని గంటల దాకా? గంటకు ఫీజు ఉందా, స్లాట్ ముందే బుక్ చేయాలా?

| లైన్ | 6 నెలల బిడ్డను వదలవచ్చా | ఫీజు | గమనించాల్సింది |
|---|---|---|---|
| డిస్నీ | వదలవచ్చు, 3 ఏళ్లలోపు నర్సరీ ప్రతి షిప్‌లో ఉంది | గంటకు ఇంత అని | స్లాట్లు త్వరగా నిండుతాయి |
| రాయల్ కరీబియన్ | చాలా షిప్‌లలో వదలవచ్చు, 6 నుంచి 36 నెలలు | గంటకు ఇంత అని | కొన్ని పాత షిప్‌లలో నర్సరీ లేదు, షిప్ పేరుతో అడగాలి |
| కునార్డ్ | రాత్రి నర్సరీ ఉంది, 6 నుంచి 23 నెలలు | ఉచితం | ఉయ్యాల మంచాలు పరిమితం |
| పీ అండ్ ఓ, బ్రిటన్ | కుటుంబ షిప్‌లలో రాత్రి నర్సరీ, 6 నెలల నుంచి 4 ఏళ్లు | ఉచితం | పెద్దలకు మాత్రమే అనే షిప్‌లూ ఇదే కంపెనీకి ఉన్నాయి |
| కార్నివాల్ | రెండేళ్లలోపు పరిమిత వేళల్లోనే | ఆ వేళలకు ఫీజు | 2 ఏళ్లు నిండితే క్లబ్‌లో ఉచితం, డైపర్ ఉన్నా తీసుకుంటారు |
| ఎంఎస్‌సీ | తల్లిదండ్రులతో కలిసి ఆడే వేళలే ఎక్కువ | షిప్‌ని బట్టి | వదిలే సౌకర్యం అన్ని షిప్‌లలో ఉండదు |
| నార్వేజియన్ | చాలా షిప్‌లలో తల్లిదండ్రులు పక్కన ఉండాలి | ఆడుకోవడం ఉచితం | క్లబ్ 3 ఏళ్లకు మొదలవుతుంది |
| ప్రిన్సెస్, సెలెబ్రిటీ, హాలండ్ అమెరికా | క్లబ్ 3 ఏళ్లకే మొదలు | | చిన్నబిడ్డతో వెళ్లేవారికి చివరి ఎంపిక |

పట్టికలో కనబడని తేడా ఒకటుంది. బ్రిటిష్ లైన్ల (కునార్డ్, పీ అండ్ ఓ) రాత్రి నర్సరీ అసలు ఉద్దేశం బిడ్డను నిద్రపుచ్చడం. చీకటి గది, వరసగా ఉయ్యాల మంచాలు, కాపలాగా సిబ్బంది. పైజామా వేసి, పాలు పట్టి అప్పగించి మీరు డిన్నర్‌కి వెళ్తారు, తిరిగొచ్చాక నిద్రలోనే ఎత్తుకుని క్యాబిన్‌కి తెచ్చుకుంటారు. అమెరికన్ లైన్లలో నర్సరీ పగలంతా ఆటగదిగా నడుస్తుంది, నిద్రకు పక్కన ఒక గది ఉంటుంది. పగలు మీకు గంటో రెండు గంటలో విశ్రాంతి కావాలంటే రెండోది, రాత్రి భోజనం ప్రశాంతంగా జరగాలంటే మొదటిది. ఎత్తుకోగానే మెలకువ వచ్చి గంటసేపు ఏడ్చే బిడ్డ అయితే రాత్రి నర్సరీ ఎంత మంచిదైనా మీకు పనికిరాదు, బాల్కనీకి డబ్బు పెట్టండి.

కొత్తవాళ్ల దగ్గరికి వెళ్లని వయసు ఒకటుంటుంది, సుమారు 8 నుంచి 18 నెలల మధ్య. నర్సరీ ఎంత బాగున్నా ఏడుపు చాలాసేపు ఆగకపోతే సిబ్బంది మిమ్మల్ని పిలుస్తారు. కాబట్టి మొదటిసారి షో రోజున వదలకండి. ఎక్కిన మర్నాడు పగలు అరగంట వదలండి, రెండోసారి గంట, ఆ తర్వాత డిన్నర్. జ్వరం, వాంతులు, విరేచనాలు ఉంటే ఎక్కడా తీసుకోరు. ముందే కట్టిన స్లాట్ రద్దుకు గడువెంతో అడిగి పెట్టుకోండి.

క్యాబిన్: నాలుగు రకాలు, నాలుగు రకాల రాత్రులు

ముందు ఒక లెక్క. బిడ్డ ఒళ్లో పడుకున్నా సరే, షిప్ లెక్కలో ఒక మనిషే. ఇద్దరికి మాత్రమే అనుమతి ఉన్న క్యాబిన్‌లో ముగ్గురు కుదరదు, ఎందుకంటే లైఫ్‌బోటులో సీట్లు తలకొకటి చొప్పున లెక్క. ముగ్గురు పట్టే క్యాబిన్లు తక్కువ, అవే ముందు అమ్ముడుపోతాయి.

షిప్‌లో ఇచ్చే మడత ఉయ్యాల మంచం సుమారు 100 సెంటీమీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు. మామూలు క్యాబిన్ చాలా షిప్‌లలో 14 నుంచి 17 చదరపు మీటర్లు, అందులోనే బాత్రూం, అల్మారా. డబుల్ బెడ్ అటూ ఇటూ కలిపి మిగిలే నేల చూస్తే, ఆ మంచం వేశాక నడవడానికి ఒక పక్కే దారి ఉంటుంది. బుక్ చేసేముందు ఆ క్యాబిన్ నంబరు ప్లాన్ తెరిచి, మంచం మూల నుంచి అల్మారా తలుపు దాకా జాగా చూసుకోండి. సోఫా ఉన్న క్యాబిన్‌లో బల్ల తీసేయమని అడిగితే అక్కడ సరిగ్గా పడుతుంది. పెద్ద మంచాన్ని రెండు చిన్న మంచాలుగా విడదీయించి మధ్యలో ఉయ్యాల మంచం పెట్టించుకోవడం ఇంకో మార్గం.

లోపలి క్యాబిన్ అంటే కిటికీ లేనిది. చవక. దీపం ఆర్పితే చెయ్యి కనబడనంత చీకటి, కాబట్టి బిడ్డ పగటి కునుకు కూడా గాఢంగా పడుతుంది. ఉత్తర ప్రాంతాల్లో ఎండాకాలం అర్ధరాత్రి దాకా వెలుతురుండే నార్వే, అలాస్కా రూట్లలో ఇది నిజంగా మేలు. నష్టం ఏమిటంటే, ఏడింటికి దీపం ఆర్పాక మీరిద్దరూ కూడా చీకట్లోనే. ఉన్న ఒకే ఒక చోటు బాత్రూం. నర్సరీలో రాత్రి వదిలే ఉద్దేశం ఉన్నవాళ్లకే, లేదా బిడ్డతోపాటే తొమ్మిదింటికి పడుకునే అలవాటున్నవాళ్లకే ఇది సరిపోతుంది.

సముద్రం కనబడే కిటికీ క్యాబిన్, లోపలిదానికి కొంచెం ఎక్కువ ధర. రాత్రి సమస్య అలాగే ఉంటుంది, పైగా తెల్లారకముందే వెలుగు వస్తుంది. పసిబిడ్డ విషయంలో ఇది రెంటికీ చెడ్డ ఎంపిక. పగలు బిడ్డకు చూపించడానికి నీళ్లు కనిపిస్తాయి, అంతే.

బాల్కనీ క్యాబిన్ అంటే అసలు బాల్కనీ కోసం కాదు, తలుపు కోసం. గాజు తలుపు మూసి, మందపాటి తెర లాగి, లోపల బిడ్డ నిద్రపోతుంటే మీరు బయట కూర్చుని మాట్లాడుకోవచ్చు, తెప్పించుకున్న భోజనం తినవచ్చు. చేతిలో వైఫై లేని బేబీ మానిటర్ ఉంటే గాజు తలుపు అవతలికి బాగా పనిచేస్తుంది. క్యాబిన్ దాటి కారిడార్‌లోకి వెళ్తే మానిటర్‌ని నమ్మకండి, షిప్ గోడలు ఉక్కువి, సిగ్నల్ తెగిపోతుంది. పైగా బిడ్డను క్యాబిన్‌లో ఒంటరిగా వదిలి వెళ్లడం ఏ లైన్ ఒప్పుకోదు. రేలింగ్ గురించి భయపడేవాళ్లకు ఒక మాట: ప్రమాదం రేలింగ్ కన్నా దాని పక్కన పెట్టిన కుర్చీతో. పాకే, ఎక్కే వయసు బిడ్డ బాల్కనీలో ఉంటే కుర్చీలు గోడవైపుకి జరిపి, చెయ్యి పట్టుకునే ఉండండి. తలుపు పై గొళ్లెం ఎప్పుడూ వేసే ఉంచాలి.

సూట్, లేదా మధ్యలో తలుపున్న రెండు క్యాబిన్లు. తాతయ్య, అమ్మమ్మలు కూడా వస్తుంటే రెండు జంట క్యాబిన్లు చాలాసార్లు ఒక సూట్ కన్నా చవకే. రెండు బాత్రూంలు వస్తాయి, రాత్రి వంతులు వేసుకోవచ్చు. సూట్‌లో పడకకి, హాలుకి మధ్య తెర మాత్రమే ఉందా, నిజమైన తలుపు ఉందా అని అడగండి. తెర మాటని ఆపదు.

ఏ రకమైనా జాగా ఎక్కడ అన్నది కూడా చూడాలి. పూల్ డెక్‌కి సరిగ్గా కింద ఉన్న క్యాబిన్లో తెల్లవారుజామునే కుర్చీలు ఈడ్చే చప్పుడు వస్తుంది. థియేటర్, నైట్‌క్లబ్ పైన ఉంటే రాత్రి పదకొండు దాటినా పాటల బేస్ దడదడ వినిపిస్తుంది. ముందు వైపు కింది డెక్‌లలో, రేవు చేరే వేళ థ్రస్టర్లు (షిప్‌ను పక్కకు జరిపే ప్రొపెల్లర్లు) తిరిగి క్యాబిన్ మొత్తం గలగలలాడుతుంది, సరిగ్గా బిడ్డ గాఢనిద్రలో ఉండే టైముకి. షిప్ మధ్యలో, కింద పైన రెండువైపులా క్యాబిన్లే ఉన్న డెక్ ఎంచుకోండి. ఊగడం కూడా అక్కడే తక్కువ.

స్ట్రోలర్ గురించి: మామూలు క్యాబిన్ తలుపు చాలా షిప్‌లలో 55 నుంచి 60 సెంటీమీటర్లే. పక్కపక్కన రెండు సీట్లున్న స్ట్రోలర్ పట్టదు. కారిడార్‌లో వదిలేయడానికి అగ్నిప్రమాద నియమాలు ఒప్పుకోవు. ఒక చేత్తో మడిచి మంచం కిందకి తోసేయగలిగేదే తీసుకెళ్లండి. ఇంట్లో స్కేలుతో వెడల్పు కొలిచాకే.

పూల్ మీద ఆశ పెట్టుకోకండి

డైపర్ మానని బిడ్డను షిప్ పూల్‌లో దింపనివ్వరు. స్విమ్ డైపర్ వేసినా అంతే. స్విమ్ డైపర్ మలాన్ని కొంతసేపు ఆపుతుందేమో గాని రోగక్రిములను ఆపదు, ఒక్క సంఘటనతో పూల్ మూసి శుభ్రం చేయాల్సి వస్తుంది. అమెరికా రేవులకు వచ్చే షిప్‌లను తనిఖీ చేసే సీడీసీ (అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ) వారి వెసెల్ శానిటేషన్ ప్రోగ్రాం దీనికి కఠినమైన ప్రమాణాలు పెట్టింది. వేరే ఫిల్టర్ ఏర్పాటుతో పసిబిడ్డలకని ప్రత్యేకంగా కట్టిన నీటి ఆటస్థలాలకే మినహాయింపు.

డిస్నీ షిప్‌లలో అలాంటి చోటు ఉంది. రాయల్ కరీబియన్‌లో ఒయాసిస్, ఫ్రీడమ్ తరగతి షిప్‌లలో, ఐకాన్ ఆఫ్ ద సీస్‌లో ఉంది, అన్నిటిలో లేదు. కార్నివాల్‌లో స్విమ్ డైపర్‌తో ఏ పూల్‌లోకీ, నీటి ఆటలోకీ రానివ్వరు. నీళ్లంటే పడిచచ్చే బిడ్డ అయితే ఇదొక్కటే షిప్ మార్చడానికి తగిన కారణం. లేదంటే గాలి ఊది వాడే చిన్న టబ్ ఒకటి తీసుకెళ్లండి. అది షవర్ అడుగున పెడితే స్నానానికీ పనికొస్తుంది, ఎందుకంటే ఎక్కువ క్యాబిన్లలో షవర్ మాత్రమే ఉంటుంది. స్నానాల తొట్టి చాలా క్యాబిన్లలో ఉన్నది డిస్నీకే.

పాలు, వేడినీళ్లు, బట్టలు

ఈ విషయం బ్రోచర్లలో ఉండదు, రోజూ ఎనిమిదిసార్లు ఎదురవుతుంది. కునార్డ్, పీ అండ్ ఓ లాంటి బ్రిటిష్ లైన్లలో క్యాబిన్‌లోనే కెటిల్ ఉంటుంది. అమెరికన్ లైన్లలో ఎక్కువచోట్ల కెటిల్ ఉండదు, మీరు తెచ్చినా వేడి చేసే పరికరమని తీసుకుని దిగేరోజు ఇస్తారు. బాటిల్ వార్మర్, స్టెరిలైజర్ల సంగతి లైన్‌ని బట్టి మారుతుంది. కొన్నిచోట్ల వాళ్లే అరువిస్తారు. బుకింగ్ తర్వాత రాతపూర్వకంగా అడగండి.

ఫార్ములా పొడి (పసిబిడ్డల డబ్బా పాల పొడి) క్రిమిరహితం కాదు. అందుకే 70 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గని నీళ్లతో కలిపి, చల్లార్చి పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కెటిల్ లేని షిప్‌లో మంచి థర్మాస్ ఫ్లాస్కు తప్పనిసరి. పడుకునేముందు కెఫెటేరియాలో మరిగిన నీళ్లు పట్టించుకుంటే రాత్రి ఫీడింగ్‌కి ఉంటాయి. అంత తంటా వద్దనుకుంటే సీలు వేసిన, కలిపి ఉన్న ద్రవరూప ఫార్ములా తీసుకెళ్లండి. బరువు ఎక్కువ, పని తక్కువ.

క్యాబిన్‌లో ఫ్రిజ్ లాంటి పెట్టె చాలాచోట్ల అసలు ఫ్రిజ్ కాదు, డ్రింకులు చల్లగా ఉంచే కూలర్. పాలు దాచడానికి 4 డిగ్రీలు కావాలి. చిన్న థర్మామీటర్ పెట్టి చూసుకోండి. పిండి దాచిన తల్లిపాలు మామూలు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి, ఇలాంటి కూలర్‌లో ఆ 4 రోజుల లెక్క పనిచేయదు. మందుల కోసం అని చెప్పి నిజమైన చిన్న ఫ్రిజ్ అడిగితే చాలా లైన్లు ఇస్తాయి, ఎక్కడానికి కొన్ని వారాల ముందే అడగాలి. కలిపిన ఫార్ములా రెండు గంటల్లో, బిడ్డ తాగడం మొదలుపెట్టాక గంటలో వాడేయాలి, మిగిలింది పారబోయండి.

డైపర్లు రోజుకి 8 చొప్పున, 7 రాత్రుల ప్రయాణానికి రాకపోకల రెండు రోజులు కలిపి 72. కడుపు పాడైన రోజుకి పది అదనం. షిప్ షాపులో దొరకవచ్చు, మీ సైజు దొరుకుతుందని నమ్మకం లేదు. బట్టలు ఉతుక్కునే మెషిన్లు డిస్నీ, కునార్డ్, పీ అండ్ ఓ షిప్‌లలో, కార్నివాల్‌లో చాలా షిప్‌లలో ఉన్నాయి. రాయల్ కరీబియన్, ఎంఎస్‌సీలలో ఆ సౌకర్యం లేదు, లాండ్రీకి ఇచ్చి డబ్బు కట్టాలి. ఘనాహారం అప్పుడే మొదలుపెట్టిన బిడ్డ ఉంటే ఈ తేడా మూడో రోజుకే తెలిసిపోతుంది.

రూటు: రేవుకి ఆనుతుందా, పడవ ఎక్కాలా

బీచ్ ఎంత అందంగా ఉందో కన్నా ముందు చూడాల్సింది షిప్ నేరుగా రేవుకి ఆనుతుందా లేదా అన్నది. కొన్నిచోట్ల షిప్ దూరంగా లంగరు వేసి, చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. వాటిని టెండర్ పోర్టులంటారు. అలలపై ఊగే పడవలోకి అడుగు వేయాలి, స్ట్రోలర్ మడిచి చేత్తో మోయాలి, మధ్యాహ్నం కునుకు టైముకి షిప్ చేరాలంటే మళ్లీ వరస. కరీబియన్‌లోని గ్రాండ్ కేమన్, గ్రీసులోని సాంటోరిని ఈ రకం. సాంటోరినిలో పడవ దిగాక కూడా ఊరు కొండ మీద ఉంటుంది. కేబుల్ కార్ వరస, లేదా సుమారు 600 మెట్లు. అలాంటి రేవు ఒకటుంటే ఆ రోజు షిప్‌లోనే ఉండిపోండి, అందరూ దిగిపోయాక ఖాళీ షిప్ ఆ బిడ్డకు పెద్ద ఆటస్థలం. రెండు మూడుంటే రూటు మార్చండి. టెండర్ రోజుల్లో స్ట్రోలర్ కన్నా ఛాతీకి కట్టుకునే క్యారియరే మేలు.

| రూటు | మేలు | ఇబ్బంది |
|---|---|---|
| కరీబియన్ | పెద్ద షిప్‌లు, నర్సరీలు ఎక్కువ | ఎండ, జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా హరికేన్ సీజన్, రేవులు మారిపోవచ్చు |
| మధ్యధరా | దాదాపు రోజూ రేవు, ఆసుపత్రులు దగ్గర | జులై, ఆగస్టు వేడి, రాళ్లు పరిచిన వీధులు |
| నార్వే ఫియర్డ్‌లు (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలు) | లోపల నీళ్లు నిశ్చలం, ఎండ బాధ లేదు | అక్కడికి చేరేలోపు నార్త్ సీ ఊపు, అర్ధరాత్రి వెలుతురు |
| అలాస్కా | ఇన్‌సైడ్ పాసేజ్ (తీరానికీ దీవులకూ మధ్య దారి) నీళ్లు చాలావరకు ప్రశాంతం, డెక్ నుంచే అన్నీ కనిపిస్తాయి | చలి, వాన |
| అట్లాంటిక్ దాటేది | రేవుల హడావిడి లేదు | 12 నెలలు నిండాలి, సాయం చాలా దూరం |

ఏడాదిలోపు బిడ్డతో మొదటిసారి వెళ్లేవారికి మా సలహా నార్వే లేదా అలాస్కా, లోపలి క్యాబిన్ లేదా బాల్కనీ. ఎండ లేకపోవడం పెద్ద వరం. ఆరు నెలల లోపు పిల్లలకు సన్‌స్క్రీన్ మామూలుగా వాడరు, ఆ తర్వాత కూడా ఎస్‌పీఎఫ్ 30 రాసి నీడలో ఉంచడమే పద్ధతి, కరీబియన్‌లో అది పొద్దంతా పని. ఏడాది దాటి ఇసుకలో ఆడుకునే బిడ్డకు కరీబియన్.

ఒడ్డున టాక్సీలు, టూర్ బస్సుల్లో బిడ్డ కార్ సీటు దాదాపు ఉండదు. రేవు నుంచి నడిచి వెళ్లగలిగే ఊరు ఎన్ని అని రూటులో లెక్కపెట్టండి. అన్నీ బస్సు ప్రయాణాలే అయితే కార్ సీటు మోసుకెళ్లాలి, లేదా దిగకూడదు.

రోజుల విషయానికొస్తే 3, 4 రాత్రుల క్రూజ్ ప్రయోగంగా మంచిదనిపిస్తుంది. కానీ బిడ్డ కొత్త మంచానికి అలవాటు పడటానికే రెండు రాత్రులు పడుతుంది, అలవాటయ్యేసరికి దిగాలి. చిన్న క్రూజ్‌లలో జనం పార్టీ కోసం వస్తారు, రాత్రి కారిడార్లలో గోల ఎక్కువ. కుదిరితే 7 రాత్రులు. 10 దాటితే డైపర్ల పెట్టె, పాల డబ్బాల బరువు మిమ్మల్ని ఓడిస్తాయి.

ఆరోగ్యం రూటును ఎలా మారుస్తుంది

రెండేళ్లలోపు పిల్లలకు సముద్రపు ఊపుకి తల తిరగడం అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ల వాళ్లకే ఎక్కువ. అందుకని బిడ్డకు ముందుజాగ్రత్తగా మందు వేయకండి. తల తిరగడానికి వాడే ప్రొమెథజైన్ మందు రెండేళ్లలోపు వారికి ఇవ్వకూడదు, శ్వాస ఆగిపోయే ప్రమాదం ఉంది. తల తిరిగేది తల్లిదండ్రులకు. బాలింత పాలిస్తుంటే తన మందు కూడా ముందే డాక్టరుతో తేల్చుకోవాలి.

షిప్‌లో నోరోవైరస్ (వాంతులు, విరేచనాలు తెచ్చే వైరస్) వస్తే పసిబిడ్డ ఒంట్లో నీళ్లు గంటల్లో తగ్గిపోతాయి. చేతులకు రాసుకునే ఆల్కహాల్ సానిటైజర్ ఆ వైరస్ మీద సరిగా పనిచేయదు. సబ్బు, నీళ్లే గతి. ఓఆర్ఎస్ ప్యాకెట్లు సామానులో పైనే ఉండాలి. డైపర్ తడి తగ్గినా, ఏడ్చినప్పుడు కన్నీళ్లు రాకపోయినా ఆలస్యం చేయకుండా షిప్ డాక్టరు దగ్గరికి వెళ్లండి.

విదేశీ ప్రయాణానికి 6 నుంచి 11 నెలల బిడ్డకు ముందస్తుగా ఒక డోసు ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా వేయించమని సీడీసీ సలహా. అది మామూలు షెడ్యూలు డోసుల్లో లెక్కకు రాదు, తర్వాతి రెండూ వేయించాలి. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల రేవులు రూటులో ఉంటే ఆలోచించండి, ఆ టీకా మామూలుగా 9 నెలలు నిండాకే వేస్తారు. ఇన్సూరెన్స్‌లో వైద్యం కోసం తరలించే ఖర్చు, అంటే హెలికాప్టర్, విమాన అంబులెన్స్ ఉన్నాయా అని చూసి సంతకం పెట్టండి. షిప్‌లో డాక్టరు ఫీజు మీ జేబులోంచే ముందు కట్టాలి.

మీరు ఏ రకం

రాత్రి బయటికి రావాలనే పట్టుదల ఉన్న జంట, బిడ్డ ఎవరి దగ్గరైనా పడుకుంటుంది: ఉచిత రాత్రి నర్సరీ ఉన్న బ్రిటిష్ లైన్, లోపలి క్యాబిన్. మిగిలిన డబ్బు ఒడ్డున ఖర్చుపెట్టుకోండి.

బిడ్డ ఎవరి దగ్గరికీ వెళ్లదు, పాలు మరిచేదాకా తల్లి దగ్గరే: నర్సరీ గురించి వెతకడం మానేయండి. ఏ లైన్ అయినా సరే, మధ్య డెక్‌లో బాల్కనీ, సాయంత్రం 5:30 ప్రాంతంలో మొదలయ్యే మొదటి విడత డిన్నర్.

నడక నేర్చిన బిడ్డ, నీళ్లంటే ఇష్టం: డిస్నీ, లేదా పసిబిడ్డల నీటి స్థలం ఉన్న రాయల్ కరీబియన్ షిప్. డిస్నీ ధర చాలా ఎక్కువ, ఆ కార్టూన్ పాత్రలను గుర్తుపట్టే వయసు మీ బిడ్డకు ఇంకా రాలేదు. నర్సరీ, తొట్టి, నీటి స్థలం ఈ మూడూ మీకు కావాలంటేనే ఆ డబ్బుకు న్యాయం.

రెండేళ్లు నిండబోతున్న బిడ్డ: ఒకటి రెండు నెలలు ఆగి, నిండాక కార్నివాల్ ఎక్కితే క్లబ్ ఉచితంగా దొరుకుతుంది. విమానంలో మాత్రం రెండేళ్లు నిండాక సొంత సీటు కొనాలి. రెండూ కలిపి లెక్క వేయండి.

తాతయ్య, అమ్మమ్మ తోడు: జంట క్యాబిన్లు, నర్సరీ ఉన్నా లేకపోయినా ఫర్వాలేదు. ఆ ఇద్దరికీ మెట్లు, టెండర్ పడవలు కష్టమే కాబట్టి రేవుకి ఆనే రూటు అందరికీ కలిసొస్తుంది.

ధర పోల్చేటప్పుడు "పిల్లలు ఉచితం" అన్నచోట పన్నులు, పోర్టు ఛార్జీలు ఉచితం కాదని గుర్తుంచుకోండి. టిప్పులు కొన్ని లైన్లు రెండేళ్లలోపు బిడ్డకు వసూలు చేయవు, కొన్ని తలకి ఇంత అని వేస్తాయి. నర్సరీ ఫీజు రోజుకి రెండు గంటల చొప్పున కలిపి చూస్తే, బయటికి చవగ్గా కనిపించిన షిప్, ఉచిత నర్సరీ ఉన్న షిప్ ఒకే ధరకి రావడం మామూలే.

బుక్ చేశాక, ఎక్కాక

బుకింగ్ రోజే ఉయ్యాల మంచం, హైచైర్, మొదటి విడత డిన్నర్ అడిగి ఈమెయిల్‌లో నిర్ధారణ తీసుకోండి. ఉయ్యాల మంచాలు ఉచితమే కానీ లెక్కకు కొన్నే. బిడ్డకు సొంత పాస్‌పోర్టు, వీసాలు రూటులోని ప్రతి దేశానికీ చూసుకోవాలి, షిప్ దిగకపోయినా కొన్నిచోట్ల అడుగుతారు. తల్లిదండ్రుల్లో ఒక్కరే వెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రం ఉండాలి.

ఎక్కిన రోజు మధ్యాహ్నం అందరూ భోజనాల దగ్గర ఉంటారు. మీరు ముందు నర్సరీకి వెళ్లి పేరు రాయించుకోండి, రాత్రి స్లాట్లు అప్పుడే అయిపోతాయి. తర్వాత క్యాబిన్‌లో ఉయ్యాల మంచం వచ్చిందా, పరుపు గట్టిగా ఉందా, పక్క గొళ్లేలు పడుతున్నాయా చూడండి. కూలర్‌లో థర్మామీటర్ పెట్టి వదిలేయండి.

ఆ తర్వాత లైఫ్ జాకెట్. 24 గంటలు దాటే ప్రయాణాల్లో షిప్‌లోని ప్రతి పసిబిడ్డకూ పసిబిడ్డ సైజు లైఫ్ జాకెట్ ఉండాలని సోలాస్ (సముద్రంలో ప్రాణరక్షణ ఒప్పందం) అంతర్జాతీయ నియమం. 15 కిలోల లోపు, 100 సెంటీమీటర్ల కన్నా తక్కువ ఎత్తున్నవారికి అది, ఆపైన 43 కిలోల దాకా పిల్లల సైజు. అల్మారాలో ఎక్కువగా పెద్దలవే ఉంటాయి. క్యాబిన్ సిబ్బందిని అడిగి తెప్పించుకుని, దానిమీద రాసిన బరువు చదివి, బిడ్డకు ఒకసారి తొడిగి, కాళ్ల మధ్య పట్టీ బిగించి చూడండి. బిడ్డ ఏడుస్తుంది, ఫర్వాలేదు. ఎలా కట్టాలో మీ చేతులకి తెలిసిపోతుంది. సేఫ్టీ డ్రిల్‌కి స్ట్రోలర్ లేకుండా బిడ్డను క్యారియర్‌లో కట్టుకుని వెళ్లి, మీ మస్టర్ స్టేషన్‌కి (ప్రమాదం వస్తే మీరు చేరాల్సిన చోటికి) మెట్ల దారి ఏదో నడిచి చూసిరండి, ఎందుకంటే అత్యవసర సమయంలో లిఫ్టులు వాడనివ్వరు.